వ్యూలు వేరు, బేరాలు వేరు

ఊళ్లో కొత్తగా బిర్యానీ సెంటర్ పెట్టినా, చీరల కొట్టు తెరిచినా, గోడమీద బోర్డు తడి ఆరకముందే ఎవరో ఒకరు వచ్చి ఇచ్చే సలహా ఒకటే: ‘ఒక్క వీడియో వైరల్ అయితే చాలు.’ చిన్న మాటే గాని అందులో మూడు నమ్మకాలు ఇరికి ఉన్నాయి. బాగున్న వీడియో దానంతటదే జనంలోకి పాకిపోతుందని ఒకటి, అందుకు పెద్దగా ఖర్చవదని మరొకటి, చూసినవాళ్లు వచ్చి కొంటారని ఇంకొకటి. మూడింటికీ చూపించడానికి ఉదాహరణలు సిద్ధంగా ఉండటమే అసలు చిక్కు. లాటరీ తగిలినవాడి ఫొటో పేపర్లో వేస్తారు గాని, టికెట్టు చింపి పారేసినవాళ్ల ఫొటోలు ఎవరు వేస్తారు? వీడియోలు దండగని నేననడం లేదు. ఆ ఉదాహరణలనే కాస్త దగ్గరగా చూస్తే వాటిని పనిచేయించింది మనం అనుకుంటున్నది కాదని తెలుస్తుంది.

‘వైరల్’ అన్న పేరుతోనే సగం తప్పు మొదలైంది. 1996 జులైలో మొదలైన హాట్‌మెయిల్, తన ఖాతాదారులు పంపే ప్రతి ఉత్తరం అడుగునా ‘మీరూ ఉచితంగా ఈమెయిల్ తీసుకోండి’ అనే అర్థంలో ఒక లైను అతికించి పంపేది. ఏడాదిన్నరలో కోటీ ఇరవై లక్షల మంది చేరారు. ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టిన స్టీవ్ జర్వెట్‌సన్, టిమ్ డ్రేపర్ ఈ పద్ధతికి వైరల్ మార్కెటింగ్ అని ప్రచారం తెచ్చారు. అక్కడ ఆ పేరు సరిగ్గా సరిపోయింది. ఉత్తరం రాసిన ప్రతివాడూ తనకు తెలియకుండానే ప్రచారం మోశాడు. బిర్యానీ తిన్నవాడు అలా మోయడు. చూస్తాడు, నవ్వుకుంటాడు, వేలితో పైకి తోసేస్తాడు. శరద్ గోయెల్, డంకన్ వాట్స్, డేనియల్ గోల్డ్‌స్టీన్ అనే పరిశోధకులు 2012లో ఏడు రకాల ఆన్‌లైన్ వ్యాప్తిని పరిశీలించి, అత్యధిక భాగం మొదటి మనిషి దగ్గరో, అతని నుంచి ఒక్క అడుగు దూరంలోనో ఆగిపోతోందని తేల్చారు. గోయెల్, వాట్స్ మరి ఇద్దరితో కలిసి ఆ తర్వాత ట్విట్టర్‌లో వంద కోట్ల వ్యాప్తి ఘటనలను లెక్కగట్టారు. ఒకరి నుంచి ఒకరికి గొలుసుకట్టుగా పాకినవీ వాటిలో ఉన్నాయి గాని, ఒక విషయం ఎంత పెద్దదవుతుందన్నది చాలావరకు దాన్ని ఎత్తుకున్న అతిపెద్ద ఖాతా మీదే ఆధారపడింది. జలుబు ఇంటింటికీ అంటుకోవడంతో పోల్చడం కంటే, మైకున్నవాడు వేసిన దండోరాతో పోల్చడం నిజానికి దగ్గర.

దీనికి మనవాళ్ల దగ్గర వెంటనే ఒక జవాబు వస్తుంది: మరి మాదాపూర్ మాటేమిటి? 2024 జనవరిలో అక్కడ రోడ్డు పక్కన భోజనం వడ్డించే ఒకావిడ, బిల్లు చెప్పిన తీరుతో తెలుగు ఫోన్లన్నింటిలో మోగిపోయారు. ఆవిడ ఏ ఏజెన్సీకీ పైసా ఇవ్వలేదు గదా! ఇవ్వలేదు, నిజమే. కాని అక్కడ కెమెరాలతో దిగింది లక్షల్లో సబ్‌స్క్రైబర్లున్న ఫుడ్ ఛానళ్లవాళ్లు. మైకు వాళ్లది. పైగా ఆ వీడియోలు వచ్చేనాటికే ఆవిడ ఏళ్ల తరబడి అదే చోట వండి వడ్డిస్తూ, ఆఫీసు జనంతో నిలకడగా గిరాకీ ఉన్నవారు. తర్వాత ఏమైందో కూడా గుర్తుంచుకోవాలి. వచ్చిపడ్డ జనంతో రోడ్డు స్తంభించి పోలీసులు బండి తీయించారు. మళ్లీ పెట్టుకోనివ్వడానికి ఏకంగా ముఖ్యమంత్రి కల్పించుకోవాల్సి వచ్చింది. ప్రతి బండికీ ముఖ్యమంత్రి దొరకరు. ఢిల్లీ మాలవీయనగర్‌లో 2020 అక్టోబరులో ఒక వృద్ధ దంపతుల చిన్న ధాబా ఇలాగే ఒక వీడియోతో దేశమంతటికీ తెలిసింది. క్యూలు చూసి వాళ్లు డిసెంబరులో రెస్టారెంట్ తెరిచారు. అద్దె, జీతాలు వెళ్లక కొద్ది నెలల్లోనే దాన్ని మూసి పాత బండి దగ్గరికే వచ్చారు. ఫొటో దిగడానికి వచ్చిన జనం రెండోసారి రావాలంటే తిండి కోసమే రావాలి.

ఖర్చు సంగతికొస్తే, అందరూ ఉదహరించేది అమెరికాలోని డాలర్ షేవ్ క్లబ్. 2012 మార్చి 6న పెట్టిన ఒకటిన్నర నిమిషం వీడియో, తయారీ ఖర్చు సుమారు 4,500 డాలర్లు. రెండు రోజుల్లో 12,000 ఆర్డర్లు, వెబ్‌సైటు కుప్పకూలడం, 2016లో యూనిలీవర్ దాదాపు వంద కోట్ల డాలర్లకు కొనడం. కథ బాగుంది, అబద్ధమూ లేదు, బిల్లు మాత్రం సగమే చూపిస్తుంది. వీడియోలో నడుస్తూ మాట్లాడే వ్యవస్థాపకుడు మైకేల్ డుబిన్ అప్పటికే ఏళ్లపాటు హాస్య నటనలో శిక్షణ తీసుకున్నవాడు. దర్శకురాలు అతని నాటక మిత్రురాలు లూసియా అనియెల్లో. ఆమె తర్వాత ‘హ్యాక్స్’ సీరియల్ దర్శకత్వానికి 2021లో ఎమ్మీ పురస్కారం అందుకుంది. అంటే ఆ 4,500 స్నేహం ధర, బజారు ధర కాదు. బ్లేడ్లు కొరియా నుంచి తెప్పించే ఏర్పాటు, నెలకు డాలరు నుంచి మొదలయ్యే చందా ముందే సిద్ధం. వీడియో బయటికొచ్చిన రోజునే పెట్టుబడి వచ్చిన వార్తా బయటికొచ్చింది. అక్కణ్ణుంచి ఆ కంపెనీ టీవీ ప్రకటనలతో సహా డబ్బు పెట్టే ప్రచారం చేసుకుంది. మన దగ్గర పెళ్లి వీడియోలు తీసే కుర్రాణ్ణి పిలిచి ‘అలాంటిదొకటి చెయ్యి’ అనేవారు ఈ ఖర్చులన్నీ ఎవరి ఖాతాలో రాసుకుంటారో!

ఇక వ్యూల లెక్క. ఒక సంఖ్య ఎన్ని రకాలుగా ఉండగలదో చూడండి. ఫేస్‌బుక్‌లో ఏళ్లపాటు మూడు సెకన్లు కదిలితే వీడియో వ్యూ. యూట్యూబ్‌లో స్కిప్ చేయగల ప్రకటనకైతే ముప్పై సెకన్లు, లేదా పొట్టి ప్రకటన మొత్తం చూడాలి, లేదా దానిమీద నొక్కాలి. అదే యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో మొదలవడమే వ్యూ, తిరిగి మొదలైతే ఇంకో వ్యూ. ఈ మూడింటినీ కలిపి ‘పది లక్షల మంది చూశారు’ అనడం శేర్లనూ మూరలనూ కలిపి కూడినట్టే. చూపించే లెక్క తప్పవచ్చు కూడా. 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ తన వీడియోల సగటు వీక్షణ సమయం రెండేళ్లుగా 60 నుంచి 80 శాతం దాకా ఎక్కువగా కనబడుతూ వచ్చిందని ఒప్పుకుంది. చేసిన పొరపాటు చాలా చిన్నది. పదిమంది ముందు వీడియో కదిలిందనుకోండి, ఆరుగురు మూడు సెకన్ల లోపే తోసేశారు, మిగతా నలుగురు కలిపి నలభై సెకన్లు చూశారు. నలభైని నాలుగుతో భాగిస్తే సగటు పది సెకన్లు; పదితో భాగిస్తే నాలుగు, ఆ ఆరుగురి తునకలు కలుపుకుంటే ఇంకొంచెం. ఫేస్‌బుక్ నాలుగుతో భాగించింది. ప్రకటనదారులు కోర్టుకెక్కితే 2019లో నాలుగు కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినవాళ్లను వదిలేసి, కూర్చున్నవాళ్లనే లెక్కపెట్టి హోటలు నిండుగా ఉందనుకోవడం లాంటిది ఇది.

సరే, లెక్క సరైనదే, నిజంగానే కోట్ల మంది చూశారు. అప్పుడైనా అమ్మకాలు పెరగాలి కదా? 2009లో ఎవియన్ అనే ఫ్రెంచి నీళ్ల కంపెనీ, చంటిపిల్లలు చక్రాల బూట్లతో గంతులేసే వీడియో వదిలింది. ఆ ఏడాది నవంబరుకు నాలుగున్నర కోట్ల వ్యూలు దాటి, ఆన్‌లైన్‌లో అత్యధికులు చూసిన ప్రకటనగా గిన్నిస్‌లోకి ఎక్కింది. వార్టన్‌లో పాఠాలు చెప్పే జోనా బెర్గర్ తన 2013 పుస్తకం ‘కంటేజియస్’లో, అదే ఏడాది ఎవియన్ మార్కెట్ వాటా తగ్గిందని, అమ్మకాలు దాదాపు పావు వంతు పడిపోయాయని రాశారు. అది మాంద్యం ఏడాది, నేరమంతా వీడియో మీదికి తోయలేం. వీడియో ఆ పతనాన్ని ఆపలేకపోయిందని మాత్రం అనొచ్చు. మనకింకా బాగా తెలిసిన సాక్ష్యం ‘కొలవెరి’. 2011 నవంబరు 16న విడుదలైన ఆ పాట నోట పలకనివాడు లేడు. నాలుగు నెలల తర్వాత, 2012 మార్చి 30న ఆ పాట ఉన్న ‘3’ సినిమా వస్తే ఆ సందడికి తగ్గ జనం థియేటర్లకు రాలేదు. పాట హుషారు, సినిమా విషాదం. పాట విని టికెట్టు కొన్నవాడికి లోపల ఇంకో సరుకు ఎదురైంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ అమెరికాలోని యూటా రాష్ట్రంలో మిక్సీలు చేసే బ్లెండ్‌టెక్. 2006లో అక్కడ మార్కెటింగ్‌కు కొత్తగా చేరిన జార్జ్ రైట్, ఒకరోజు గదిలో నేలమీద రంపపు పొట్టు చూశాడు. ఏమిటని ఆరాతీస్తే, కంపెనీ అధినేత టామ్ డిక్సన్ మిక్సీ గట్టిదనం పరీక్షించడానికి అందులో కర్రముక్కలు దూర్చి తిప్పుతుంటాడని తెలిసింది. రైట్ కొత్తగా ఏమీ కల్పించలేదు. యాభై డాలర్లతో ఒక తెల్లకోటు, గోలీకాయలు, తోటపని దంతె లాంటివి కొని, ఆ పెద్దమనిషి చేసే పనే కెమెరా ముందు చేయించాడు. గోలీలు జార్‌లో పడతాయి, చెవులు పగిలే మోత, మూత తీస్తే గాజుపొడి పొగలా లేస్తుంది. డిక్సన్ కళ్లద్దాల వెనకనుంచి ‘ఈ పొగ పీల్చకండి’ అన్నట్టు చూస్తాడు. మరుసటి ఏడాది ఐఫోన్‌నే పొడి చేశాడు. తిట్టుకుంటూ చూసినా, నవ్వుతూ చూసినా, చూసినవాడి బుర్రలో మిగిలేది ఒక్కటే: ఈ మిక్సీకి బియ్యం, పప్పు ఓ లెక్కా! నాలుగు వందల డాలర్ల మిక్సీ కొనడానికి వెనకాడేవాడికి ఉండే అనుమానం సరిగ్గా అదే. ఎవియన్ పిల్లల వీడియో చివర పేరు మారిస్తే ఏ శీతల పానీయానికైనా సరిపోతుంది. ఇక్కడ మిక్సీ తీసేస్తే వీడియోయే మిగలదు. ‘ప్రకటనలా కనిపిస్తే ఎవరూ షేర్ చేయరు, పేరు దాచండి’ అనే సలహాకూ ఇదే జవాబు. కారెన్ నెల్సన్-ఫీల్డ్ 2013 నాటి తన అధ్యయన గ్రంథంలో, బ్రాండ్ పేరు బాగా కనిపించినంత మాత్రాన షేర్లు తగ్గవని చూపించారు. పేరు దాచడం మన చట్టం దగ్గరా చిక్కే. డబ్బో సరుకో ఇచ్చి ఇన్‌ఫ్లుయెన్సర్‌తో మెచ్చుకోలు చెప్పిస్తే ఆ లావాదేవీ ప్రేక్షకులకు తెలపాలని 2022 జూన్ నాటి కేంద్ర మార్గదర్శకాలున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల చట్టం కింద తొలిసారి పది లక్షల దాకా జరిమానా.

చెడ్డపేరైనా పేరే అనేవాళ్లతో ఎక్కువ వాదించను. కోపం తెప్పించే సంగతులు బాగా పాకుతాయని బెర్గర్, కేథరిన్ మిల్క్‌మన్ 2012లో పత్రికా కథనాల మీద చేసిన పరిశీలన చెబుతోంది. 2025లో ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఒక తెలుగు సంస్థ నుంచి, ధర ఎక్కువన్న కస్టమర్‌కు వెళ్లిన బూతు ఆడియో రాష్ట్రాలు దాటి మోగింది. రోజుల్లోనే ఆ వెబ్‌సైటు మూతపడింది.

గట్టి అభ్యంతరం ఒకటుంది. బైరన్ షార్ప్ 2010లో రాసిన ‘హౌ బ్రాండ్స్ గ్రో’ వాదన ప్రకారం, బ్రాండ్లు పెరిగేది వీరాభిమానుల వల్ల కంటే ఎప్పుడో ఒకసారి కొనే అసంఖ్యాకుల వల్ల. కాబట్టి ఎంతమందికి కనబడితే అంత మంచిది. ప్రతి కిరాణా కొట్లో దొరికే సబ్బుకు, చాక్లెట్‌కు ఇది నిజం. చూసినవాడు విజయనగరంలో ఉన్నా, ఆదిలాబాద్‌లో ఉన్నా సరుకు పక్క వీధిలోనే ఉంటుంది. కాకినాడలో ఒక్క టిఫిన్ సెంటర్ ఉన్నాయన సంగతి వేరు. ఆయన పెసరట్టు రీల్ ఐదు లక్షల మంది చూసి, వాళ్లలో నాలుగు లక్షల తొంభై వేల మంది కాకినాడ ఎప్పుడూ రానివాళ్లయితే, పొద్దున ఏడు గంటలకు పెనం ముందు మార్పేమీ కనబడదు. అదే ఆయన రోజుకు రెండు వందలు పెట్టి చుట్టూ ఐదు కిలోమీటర్ల వాళ్లకే తన వీడియో చూపించుకోవచ్చు, ఆ సదుపాయం ఆయన ఫోన్‌లోనే ఉంది. అందులో డాన్సులు అక్కర్లేదు. పార్కింగ్ ఎక్కడ, ఆదివారం ఎన్నింటిదాకా, అల్లం చట్నీ ఉందా లేదా.

అమెరికాకు ఆవకాయ పంపే వ్యాపారాన్నే తీసుకోండి. డాలస్‌లో కూర్చుని ఆర్డరివ్వబోయే ఇల్లాలు మామిడికాయ ముక్కలు కొట్టే సినిమా షాట్లు ఎన్నో చూసి ఉంటుంది. ఆమెకు తెలియనిది వేరు: నూనె కారి పెట్టెలో బట్టలు పాడవుతాయా, కస్టమ్స్‌లో ఆగితే డబ్బు ఎవరిది, కిలో డబ్బా అంటే ముక్కలెన్ని, ఊట ఎంత. డబ్బాకు రెండు మూతలు బిగించి, ప్లాస్టిక్ చుట్టి, బోర్లించి ఒక రాత్రంతా తెల్లకాగితం మీద ఉంచి, తెల్లారి ఆ కాగితం ఎత్తి చూపించే వీడియో తీస్తే దానికి తొమ్మిది వందల వ్యూలు రావచ్చు. ఆ తొమ్మిది వందల మందీ నూనె మరక కోసం కాగితాన్ని వెతికి చూసేవాళ్లే.