వార్తల్లో పదం: బ్యాక్టీరిమియా

రక్తంలో బతికున్న బ్యాక్టీరియా ఉంటే దాన్ని బ్యాక్టీరిమియా అంటారు. ఫ్లూ, కొవిడ్‌ లాంటి వైరస్ జబ్బుతో ఆసుపత్రిలో చేరినవారికి ఇది తోడైతే ప్రాణాల మీదకు వస్తుంది. వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తే న్యుమోనియా బ్యాక్టీరియా అక్కడి నుంచే రక్తంలోకి చొరబడవచ్చు. కొవిడ్‌లో మాత్రం బ్యాక్టీరియాకు దారి ఎక్కువగా ఐసీయూలోనే దొరికింది: మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసే గొట్టం, వెంటిలేటర్, స్టెరాయిడ్లు.

2020లో భారత వైద్య పరిశోధన మండలి 10 ఆసుపత్రుల్లో 17,534 మంది కొవిడ్ రోగుల వివరాలు చూసింది. చేరాక బ్యాక్టీరియా లేదా ఫంగస్ సోకినవారు 3.6 శాతమే. కానీ వారిలో సగానికి పైగా చనిపోయారు. (ఈ లెక్కలో రక్తంలో సోకినవే కాదు, మిగతావీ ఉన్నాయి.) ఎక్కువగా కనిపించింది క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. చాలా మందులకు లొంగని మొండిఘటం అది.

బ్యాక్టీరిమియాను తేల్చేది బ్లడ్ కల్చర్ పరీక్ష. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రెండు చోట్ల రక్తం తీయాలి. రెండు చోట్ల ఎందుకంటే, చర్మం మీది సూక్ష్మజీవి సీసాలో పడి తప్పుదోవ పట్టించడం మామూలే. ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆలోగా ‘ఎందుకైనా మంచిది’ అంటూ మందు ఎక్కించేస్తారు. ఆ జాగ్రత్త ఎంత శ్రుతిమించిందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది: ఆసుపత్రిలో చేరిన కొవిడ్ రోగుల్లో బ్యాక్టీరియా కూడా సోకినవారు 8 శాతం, యాంటీబయాటిక్ పడినవారు దాదాపు 75 శాతం.