సొంత గడ్డపై బిచ్చగాడు

స్కాట్లండు ఈశాన్య తీరాన ఆబర్డీన్‌షైర్ ప్రాంతంలో పిట్స్‌లైగో ప్రభువుగా పేరొందిన జమీందారు అలెగ్జాండర్ ఫోర్బ్స్. 1678లో జన్మించిన ఆయన విద్యావంతుడు, దైవభక్తుడు, మితభాషి. 1734లో నీతి, తత్త్వ విషయాలపై వ్యాసాలు ప్రకటించాడు.

1688 విప్లవంలో సింహాసనం కోల్పోయిన స్టూవర్టు రాజవంశమే న్యాయమైన వారసత్వమని ఆయన దృఢ విశ్వాసం. ఆ వంశం కోసం 1715లో చెలరేగిన తిరుగుబాటులో పాల్గొని, అది విఫలం కాగా కొంతకాలం విదేశాల్లో గడిపాడు.

1745లో స్టూవర్టు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డు మళ్లీ జెండా ఎత్తాడు. అప్పటికి ఫోర్బ్స్ వయస్సు 67 ఏళ్లు. పైగా ఉబ్బస రోగి. అయినా ఇల్లు కదిలాడు. ఇంతటి వివేకి ఆలోచించకుండా అడుగు వేయడని నమ్మిన ఇరుగుపొరుగు భూస్వాములు ఎందరో గుర్రాలెక్కి ఆయన వెంట నడిచారు.

1746 ఏప్రిల్ 16న కలోడెన్ మైదానంలో గంట గడవకముందే ఆ సైన్యం చెల్లాచెదరైంది. ఫోర్బ్స్ రాజద్రోహిగా ప్రకటితుడయ్యాడు. శాసనంలో తన బిరుదు తప్పుగా నమోదైందని ఆయన పక్షాన వ్యాజ్యం నడిచింది. 1749లో స్కాట్లండు న్యాయస్థానం ఆ వాదాన్ని అంగీకరించినా, 1750లో లండనులోని ప్రభువుల సభ తీర్పును తిరగదోసింది. ఎస్టేటు ప్రభుత్వపరమైంది.

విదేశాలకు పారిపోక, ఆయన తన రైతుల మధ్యనే తలదాచుకున్నాడు. చిరుగుల బట్టలు, భుజాన జోలె. సముద్రతీరపు గుహలో కొన్నాళ్లు, చిన్న వంతెన కింది ఇరుకు బోలులో మరికొన్నాళ్లు. ఒకసారి దారిలో ఉబ్బసం ముంచుకొచ్చి కూలబడ్డాడు. అంతలో గాలింపు దళం వచ్చింది. వెంటనే చేయి చాచాడు. ఒక సిపాయి జాలిపడి నాణెం వేసి, అంత కఠినమైన రోగం వచ్చిందే అని ఓదార్చి వెళ్లాడు!

1756లో ఒక రాత్రి కుమారుని ఇంటిని సైనికులు ముట్టడించారు. పడకగది చెక్కగోడ వెనుక అరలో వృద్ధుణ్ణి దాచారు. ఆయన ఆయాసపు గురక పైకి వినబడసాగింది. ఆ గదిలోని మంచంపై పడుకున్న అతిథి మహిళ ఆపకుండా దగ్గుతూ ఆ శబ్దాన్ని కప్పివేసింది. గండం గడిచి బయటికి రాగానే ఆయన చేసిన మొదటి పని, చలిలో తిరిగే సిపాయిలకు ఫలహారం, వెచ్చని బీరు ఇమ్మని నౌకరుకు చెప్పడం. వారు తమ విధి నిర్వర్తిస్తున్నారే తప్ప తనపై వారికి ద్వేషం లేదన్నాడు.

1762 డిసెంబరు 21న, 84వ ఏట, ఆయన స్వేచ్ఛగానే కన్నుమూశాడు. పదహారేళ్ల అజ్ఞాతంలో ఎన్నో గుడిసెలు ఆయనను ఎరుగును. ఒక్క గుడిసె కూడా ఆయనను పట్టి ఇవ్వలేదు. ప్రభుత్వం స్వాధీనం చేసుకోగలిగింది భూమిని మాత్రమే.