భయపెట్టిన మిఠాయిలు

భయమును తీపియు ఒక్కచోట ఇముడునా అని పెద్దలకు సందేహము కలుగవచ్చును. పిల్లలకు ఆ సందేహము ఎన్నడును లేదు. తేలు రూపమున నున్న మిఠాయిని మణికట్టుపై అంటించుకొని తోడిపిల్లలను తరిమినవారును, ఎర్రని బిళ్ళను చప్పరించి, నాలుక చాచి, ‘నేను దయ్యమును’ అని చెల్లెలిని జడిపించినవారును ఈ పుటలు చదువు కుటుంబములలో ఎందరో ఉందురు. ఆ మిఠాయిలలో కొన్ని నేడు అరుదుగా కానవచ్చును. కొన్ని వేషము మార్చుకొని దుకాణములలో కూర్చున్నవి. వానిని తలచుకొన్నప్పుడు కలుగు సంతోషము ఎట్టిది? వానిలో నిజముగా భయపడదగినది ఏది? ఈ రెండు ప్రశ్నలను ఇచ్చట విచారింతము.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో నున్న ఊరు. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరు ఈ ఊరికి నిలిచినది. ఊరి పెద్దచెరువు ఎంత ప్రసిద్ధమో, చీకటి పడిన పిదప చెరువుకట్ట మీదికి పోరాదన్న పెద్దల మందలింపు మా పిల్లతనమున అంత ప్రసిద్ధము. చింతచెట్టు కనబడినచో దానిపై దయ్యమున్నదని నమ్ముటకు మాకు వేరు సాక్ష్యము అక్కరలేదు. ఆ భయములకు తోడుగానే తీపియు ఉండెడిది.

తెలంగాణపు పల్లెలలో పీర్ల పండుగ అట్టిది. కర్బలా అమరులను స్మరించుచు మొహరమున జరుపు ఈ దినములు సంతాపదినములు. హిందువులును ముసల్మానులును కలిసి ఇందు పాల్గొందురు. నిప్పుల గుండము చుట్టును జనము తిరుగుచుండగా, డప్పుల మ్రోతలో, పట్టుగుడ్డలు చుట్టిన పీరులు మంట వెలుతురున ఊగుచు వచ్చునప్పుడు చిన్నపిల్లలు తల్లి కొంగు చాటున దాగెడివారు. పిదప రొట్టెను బెల్లముతో నలిపి చేసిన మలీద ముద్ద చేతిలో పడెడిది. వణకు తీరక మునుపే తీపి నోట కరగెడిది. కాముని పున్నమకును ఇదే తీరు. రాత్రి కాముని దహనమును కన్నులప్పగించి చూచిన పిల్లలకు మరునాడు మెడలో చక్కెర పేర్లు, కుడుకల పేర్లు వేసెడివారు. భయమునకు బహుమానము తీపి యని మా మనస్సులు ఈ విధముగా నేర్చుకొన్నవి.

ఇక బొంబాయి మిఠాయివాని సంగతి. భుజముపై పొడవైన కర్ర, కర్ర కొనను చేతులు చరచు బొమ్మ, కర్రకు చుట్టిన రంగురంగుల మిఠాయి ముద్ద: ఇది తెలుగునాటను తమిళనాటను పిల్లలు ఎరిగిన రూపము. అతడు ముద్దనుండి చారెడు లాగి, రెండు మెలికలు త్రిప్పి, క్షణములో గడియారమో నెమలియో తేలో చేసి ఇచ్చెడివాడు. ఆడపిల్లలలో పెక్కుమంది నెమలిని కోరుకొనగా మేము తేలును కోరెడివారము. కొండెము పైకెత్తిన ఆ తేలును వెంటనే తినువాడు మాలో లేడు. ముందు నలుగురిని భయపెట్టవలెను. పిదప కొండెమునే మొదట కొరుకవలెను.

ఈ పనితనమునకు మూలము పాకము. చక్కెరను నీటితో కాచగా నీరు ఆవిరియైన కొలది పాకపు వేడి పెరుగును. సుమారు 115 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద తీసిన పాకము చన్నీటిలో వేసినచో మెత్తని ఉండ యగును. 150 డిగ్రీలకు చేరినది గాజువలె పెళుసుగా విరుగును. ఈ రెంటికి నడుమ దించిన పాకము వేడిగా నున్నంతసేపు సాగును. అందు నిమ్మరసము చేర్చినచో చక్కెరలో కొంత గ్లూకోజుగను ఫ్రక్టోజుగను విడిపోవును. ఇట్టి మిశ్రమము తొందరగా పలుకులు కట్టదు. ముద్దను మేకునకు తగిలించి మరల మరల లాగునప్పుడు సన్నని గాలిబుడగలు లోన చిక్కుకొనును. అందుచేతనే పారదర్శకమైన పాకము ముత్యపు మెరుపు దాల్చి, పంటికి మెత్తనగును. తేలు కొండెమునకు ఆ నిగనిగ కలిగించినది గాలియే.

బడి ముందటి బల్లలపై వేరొక జాతి మిఠాయి కూడ ఉండెడిది. అమెరికా రచయిత లీ ఫాక్ 1936లో సృష్టించిన ‘ఫాంటం’ అను చిత్రకథా వీరుడు మన దేశమునకును వచ్చెను. 1964లో మొదలైన ఇంద్రజాల్ కామిక్స్ వలన అతడు మరింత ప్రఖ్యాతుడయ్యెను. ముసుగు ధరించి, చావులేని ‘నడయాడు భూతము’గా పేరొందిన ఆ వీరుని నామమున, కొన యెర్రగా నున్న తెల్లని చక్కెర పుల్లలు చిన్న పెట్టెలలో వచ్చెడివి. పుదీనా రుచి గల ఆ పుల్లను పెదవుల నడుమ నుంచుకొని, చలికాలపు ఉదయమున నోటి ఆవిరిని పొగవలె వదలుట మా తరమువారికి గొప్ప విలాసము.

భయపెట్టు వస్తువును పిల్లవాడు ఇంత ఇష్టముగా ఏల తినును? అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు పాల్ రోజిన్, ఆయన సహచరులు 2013లో ఈ విషయమునకు దగ్గరగా ఒక వివరణ చేసిరి. మిరపకాయ మంట, భయానక కథ, ఎత్తునుండి దిగు ఉయ్యాల మొదలగు వానిలో శరీరము ప్రమాదమని హెచ్చరించును. మనస్సు ప్రమాదము లేదని ఎరుగును. ఆ రెంటి నడుమ ఎడమునుండి వినోదము పుట్టునని వారి మాట. తేలు మిఠాయి అచ్చముగా ఇదియే. కుట్టనేరని తేలును పట్టుకొని, దానిని నమలి మ్రింగిన పిల్లవాడు ఆ నిమిషమున భయమునకు యజమాని యగును.

ఇది మన యొక్కరి సంగతి కాదు. మెక్సికో దేశమున నవంబరు 1, 2 తేదీలలో మృతులను స్మరించు పండుగ జరుగును. అచ్చట చక్కెరతో పుర్రెలు పోసి, రంగులు దిద్ది, నుదుట పేరు వ్రాసి ఇత్తురు. తన పేరు గల పుర్రెను చేత బట్టిన పిల్లవాడు మృత్యువును గూర్చి పెద్దలు చెప్పలేని మాటను తీపిగా తెలిసికొనును.

అయితే ఒక విచిత్రమును గమనింపవలెను. మేము భయపడిన రూపము నిరపాయమైనది. మేము భయపడని వస్తువు అపాయకరమైనది. తేలు కుట్టలేదు. తేలునకు పూసిన రంగు మాత్రము కుట్టగలదు. ఇంగ్లండున 1820లో ఫ్రెడరిక్ అక్యూమ్ అను రసాయనశాస్త్రవేత్త పిల్లల మిఠాయిలలో సీసము, రాగి సంబంధమైన రంగులు కలుపుచున్నారని గ్రంథరూపమున హెచ్చరించెను. 1858లో బ్రాడ్‌ఫర్డు నగరమున పొరపాటున పాషాణము కలిసిన మిఠాయిలు తిని సుమారు 20 మంది మరణించిరి. మన దేశమున 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టమును, దాని స్థానమున 2006లో ఆహార భద్రతా ప్రమాణముల చట్టమును వచ్చినవి. నేడు మన దేశమున ఆహారమునకు అనుమతించిన కృత్రిమ వర్ణములు ఎనిమిది మాత్రమే. మిఠాయిలలో వాని మోతాదు కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. ఐనను బట్టల అద్దకమునకు వాడు రోడమిన్-బి అను గులాబి రంగు పీచు మిఠాయిలో బయటపడుటచే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వములు ఆ మిఠాయి అమ్మకమును నిషేధించినవి.

చక్కెర సిగరెట్టును గూర్చియు ఇట్లే చెప్పవలెను. అందలి చక్కెర పుల్లకంటె, అది నేర్పిన చేష్ట ఎక్కువ కాలము నిలుచును. 2007లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో, పొగ త్రాగుచున్నవారిలోను మానినవారిలోను 88 శాతము, ఎన్నడును త్రాగనివారిలో 78 శాతము బాల్యమున ఇట్టి మిఠాయి తిన్నట్లు చెప్పిరి. మిఠాయియే త్రాగుడునకు కారణమని ఇంతమాత్రముచే తేల్చరాదు. కాని ఆ సంబంధమును త్రోసివేయుటయు తగదు. 2005లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒడంబడిక, పిల్లల నాకర్షించునట్లు పొగాకు వస్తువుల రూపమున మిఠాయిలను, ఆటవస్తువులను చేసి అమ్మరాదని సూచించుచున్నది. ఆ ఒడంబడికను అంగీకరించిన దేశములలో మనదియు ఒకటి.

మరి ఈ జ్ఞాపకములను ఏమి చేయవలెను? గతమును తలచి బెంగపడుటకు ఐరోపాలో ‘నాస్టాల్జియా’ యని పేరు. 1688లో యోహానెస్ హోఫర్ అను వైద్య విద్యార్థి దానిని వ్యాధిగా వర్ణించి ఆ పేరు పెట్టెను. నేటి మనశ్శాస్త్రజ్ఞులు దానిని వ్యాధిగా భావింపరు. బాల్యమును తలచుట తోడివారితో బంధమును గుర్తుచేసి ధైర్యము నిచ్చునని వారు చెప్పుదురు. వాసనను గ్రహించు నాడులు మెదడులో భావములకు, జ్ఞాపకములకు ఆధారమైన భాగములతో మిక్కిలి దగ్గరి సంబంధము కలవి. కావుననే పుదీనా వాసన తగిలినంతనే నలువది యేండ్ల నాటి బడిగంట చెవిలో మ్రోగును. కాని జ్ఞాపకము తీపిని దాచుకొని రంగును మరచును. మేము తిన్నాము, మాకేమియు కాలేదు కదా యను వాదము అందుండి పుట్టినదే. ఆ వాదముపై ఆధారపడి మనుమలకు మిఠాయి కొనుట తగదు.

తేలును విడువ నక్కరలేదు. తేలు రంగును మార్చిన చాలును. ఇంట కోవా ముద్దను తీసికొని, బీటురూటు రసముతో ఎరుపును, చిటికెడు పసుపుతో పచ్చదనమును కలిపి, పిల్లల చేతనే తేళ్ళను పాములను చేయింపవచ్చును. కన్నులకు నల్లనువ్వులు చాలును. వేడిపాకమును సాగదీయు పని మాత్రము పెద్దలదే. దాని వేడి మరుగునీటికంటె అధికము. దుకాణమున కొనవలసివచ్చినచో పెట్టెపై 14 అంకెల ఆహార భద్రతా అనుమతి సంఖ్య యున్నదేమో, వాడిన రంగు పేరు వ్రాసినారేమో చూడవలెను. నాలుగేండ్ల లోపు పిల్లలకు గట్టి బిళ్ళల నీయరాదు; అవి గొంతున అడ్డుపడును.

వీనికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. కోవా తేలును చేతబట్టి పిల్లవాడు మీ మీదికి వచ్చినప్పుడు భయపడవలెను. ‘అమ్మో’ యని రెండడుగులు వెనుకకు వేయవలెను. తాతయు అమ్మమ్మయు జడిసిన తేలును కొండెమునుండి కొరికి తినుటలో నున్న రుచి ఏ దుకాణమునను దొరకదు.