పాత ట్రాక్టరునకు ఆల్టర్నేటరు బిగించుట

మన సంఘసభ్యులలో కొందరి యొద్ద డైనమోతో పనిచేయు పాత ట్రాక్టరులు నేటికిని కలవు. ఇంజను గట్టిదే, లాగుటకు లోటు లేదు. కాని నూర్పిళ్ల దినములలో రాత్రివేళ రెండు దీపములు వెలిగించి, ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చినచో తెల్లవారుసరికి బ్యాటరీ దిగిపోయి, బండిని నలుగురు నెట్టవలసి వచ్చుచున్నది. క్రొత్త బ్యాటరీ కొన్నంతమాత్రమున నిది తీరదు.

డైనమో వేగముగా తిరిగినపుడే విద్యుత్తు నిచ్చును. లూకాస్ సీ40 వంటి రకము పూర్తి వేగమున నిచ్చునది 22 ఆంపియర్లు. ఇంజను నెమ్మదించినచో దాదాపు శూన్యము. ఆల్టర్నేటరులో విద్యుత్తు పుట్టు చుట్టలు కదలక యుండును. లోపల తిరుగునది అయస్కాంతముగా మాత్రమే పనిచేయును. కావున చిన్న పుల్లీ వేసి దానిని మిక్కిలి వేగముగా త్రిప్పవచ్చును. ఇంజను మెల్లగా నడచునపుడును బ్యాటరీకి కొంత చేరును. చిన్నరకమే 35 ఆంపియర్ల వరకు నిచ్చును.

పని మొదలిడుటకు ముందు బ్యాటరీని చూడవలెను. పాత ఇంగ్లీషు బండ్లలో పెక్కింటికి ధనపు కొస ఎర్త్ చేయబడియుండును. ఇప్పుడు దొరకు ఆల్టర్నేటరునకు ఋణపు కొసయే ఎర్త్ కావలెను. ఈ సంగతి కనుగొనక మేమొకసారి తీగ తగిలించితిమి; రవ్వ లేచినది, పొగ వచ్చినది, లోపలి డయోడులు క్షణములో కాలినవి. దాని వెల మాకింకను జ్ఞప్తి యున్నది! అట్టి బండిలో బ్యాటరీని త్రిప్పి కట్టి, అమ్మీటరు వెనుకనున్న రెండు తీగలను తారుమారు చేయవలెను. ధనపు కొమ్ము లావుగా నుండును గనుక బిగింపులును మార్చవలసి వచ్చును.

బ్యాటరీ తీగలు విప్పిన పిదపనే డైనమోను దింపవలెను. ఆల్టర్నేటరు పొట్టిది, పాత బ్రాకెట్టులో సందు మిగులును. వాషరులతో సరిచేసి, పుల్లీలన్నియు నొకే వరుసలో నున్నవా యని బద్ద పెట్టి చూడుడు. వంకరగా నున్న బెల్టు నెల దాటదు. బొటనవ్రేలితో నొక్కినపుడు అర అంగుళము దిగిన చాలును.

ఇక తీగలు. బీ ప్లస్ అను మరనుండి 6 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ గాని తీగను స్టార్టరునొద్ద బ్యాటరీ తీగ చేరుచోటికి నేరుగా తేవలెను. పాత 30 ఆంపియర్ల అమ్మీటరు మీదుగా తేరాదు, అది కాలును. డీ ప్లస్ నుండి సన్నతీగ హెచ్చరిక దీపమునకును, అచ్చటినుండి తాళపు స్విచ్చికిని పోవలెను. ఈ దీపము అలంకారము కాదు. దాని ద్వారా పోవు స్వల్పప్రవాహమే ఆల్టర్నేటరును మేల్కొల్పును. బల్బు మాడినచో చార్జి రాకపోవచ్చును.

పాత రెగ్యులేటరు పెట్టెకు పనిలేదు. దాని డీ, ఎఫ్ తీగలను రెండు కొసలయందును విప్పివేయవలెను. ఏ, ఏ1 తీగలను ఒకటిగా కలిపి గట్టిగా చుట్టవలెను. లేనిచో దీపములకు విద్యుత్తు చేరదు.

తాళము త్రిప్పగా హెచ్చరిక దీపము వెలిగి, ఇంజను అందుకొన్నంతనే ఆరిన పని కుదిరినట్లే. బ్యాటరీ కొమ్ములయొద్ద 13.8 మొదలు 14.4 వోల్టుల వరకు చూపవలెను. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగ నెన్నడును విప్పకుడు. నాగలికో ట్రాలీకో వెల్డింగు చేయించునపుడు ముందుగా బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగలు తీయుడు.

దింపిన డైనమోను పాత ఇనుము కింద తూకమున నమ్మకుడు. పాతబండిని ఉన్నది ఉన్నట్లు నిలుపుకొనువారు దానికై వెదకుచుందురు.