అణురాకెట్టులో ఉదజని ప్రవాహము

1962 నవంబరు 30న అమెరికాలోని నెవాడా ఎడారిలో కీవీ-బి4ఏ అను రాకెట్టు రియాక్టరును పరీక్షించుచుండగా, దాని నాజిలునుండి మెరుపులు వెలువడసాగెను. అవి రియాక్టరు గర్భమున విరిగి ఎగిరివచ్చిన ఇంధనపు ముక్కలు. పరీక్షను ఆపివేసిరి. మరుసటి సంవత్సరము యురేనియము లేని కడ్డీలను అమర్చి చల్లని వాయువును పంపి చూచిరి. కడ్డీలు అప్పుడును కంపించెను! దోషము కేంద్రక విచ్ఛేదనములో లేదు, వాయుప్రవాహములో ఉన్నదని తేలినది.

అణురాకెట్టులో మంట ఉండదు. −253 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగు ద్రవ ఉదజని, అనగా హైడ్రోజను, రియాక్టరులో ప్రవేశించి 2,000 డిగ్రీలకు పైగా వేడెక్కి బయటికి దూకును. ఉదజని అణువు మిక్కిలి తేలిక గనుక, అది మేలైన రసాయన రాకెట్టు వాయువులకంటె దాదాపు రెండురెట్ల వేగమును పొందును. ఇంత మార్పును సుమారు 1.3 మీటర్ల పొడవుగల గ్రాఫైటు కడ్డీలో సాధింపవలెను. ఆరుపలకల ప్రతి కడ్డీకిని 19 రంధ్రములు. ఒక్కొక్క దాని వ్యాసము సుమారు 2.5 మిల్లీమీటర్లు.

చిక్కంతయు ఈ రంధ్రములలోనే ఉన్నది. ఆముదమును కాచిన పలుచబడును. వాయువు సంగతి ఇందుకు విరుద్ధము: వేడెక్కినకొలది దాని స్నిగ్ధత హెచ్చును, సాంద్రత తగ్గును. రంధ్రములన్నిటి రెండు కొనలమధ్య పీడన భేదము ఒక్కటే. కావున ఏదైనా ఒక రంధ్రము తక్కినవానికంటె వేడెక్కినచో, దానిలో ఉదజని తక్కువగా పారును. చల్లదనము తగ్గి అది మరింత వేడెక్కును. ప్రవాహము మందముగా ఉన్నపుడు ఇది కడ్డీ చెడువరకు పోవచ్చును. అందుచేతనే రంధ్రముల ముఖద్వారములను, అచ్చట పుట్టు ఉష్ణమునకు తగినట్లు, వేర్వేరు కొలతలతో అమర్చెడివారు.

దీనిని కంప్యూటరుపై లెక్కించుటకు ప్రవాహమార్గమును లక్షలాది చిన్న గదులుగా విభజింతురు. ప్రతి గదికిని ద్రవ్య, ద్రవ్యవేగ, శక్తి నిత్యత్వ సూత్రములను అన్వయించి, పొరుగు గదులతో లెక్క పొసగువరకు మరల మరల సరిదిద్దుదురు. ఇచట ఇంకొక మెలిక కలదు. ఉదజని న్యూట్రానుల వేగమును తగ్గించును. దాని సాంద్రత మారినచో రియాక్టరులో పుట్టు ఉష్ణమే మారును. కనుక న్యూట్రానుల లెక్కయు, ప్రవాహపు లెక్కయు ఒకదాని ఫలితమును ఒకటి అందుకొనుచు సాగవలెను.

1960 ప్రాంతములో వేడివాయువును నేరుగా ఆకాశములోనికి వదలిరి. నేడు దానిని పట్టి శుద్ధిచేయవలెను. అది మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అందువలన లెక్కపై భారము పెరిగినది. తెరపై కనిపించు రంగుల పటములు ముచ్చటగా ఉన్నంతమాత్రమున లెక్క సరియని చెప్పరాదు. నాటి నెవాడా పరీక్షల కొలతలతో దానిని పోల్చి చూడవలెను. పైగా, కడ్డీలు కదలవని ముందే అనుకొని చేసిన లెక్కలో గదులను ఎంత చిన్నవిగా చేసినను, కీవీని విరిచిన ఆ కంపనము కనిపించదు. అందుకు కడ్డీల కదలికను కూడ ప్రవాహముతోపాటు లెక్కింపవలెను.