లెక్కలోకి రాని ఆటల పండగ

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లు ఏటా ఫిబ్రవరి మధ్యలో వసంత శిక్షణ శిబిరాలకు చేరతాయి. ఉత్తరాది నగరాల్లో ఇంకా మంచు కరగని రోజులవి. అందుకే సగం జట్లు ఆరిజోనాకు, సగం ఫ్లోరిడాకు వెళతాయి. పిచర్లు, క్యాచర్లు ముందుగా దిగుతారు. బంతి విసిరే చెయ్యి సత్తువ పుంజుకోవడానికి ఎక్కువ రోజులు కావాలి మరి. నెలాఖరుకల్లా మ్యాచ్‌లు మొదలవుతాయి.

ఈ గెలుపోటములు పాయింట్ల పట్టికకు ఎక్కవు. అయినా శీతాకాలమంతా ఎదురుచూసిన అభిమానికి ఇది పండగే. చిన్న స్టేడియాల్లో ఔట్‌ఫీల్డ్ వెనక పచ్చిక గట్టు మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. కంచె దగ్గర పిల్లలు బంతి, పెన్ను చాపితే పేరున్న ఆటగాళ్లు కూడా ఆగి సంతకం చేస్తారు. తొలి మ్యాచ్‌ల్లో అగ్రశ్రేణి పిచర్లు ఒకటి రెండు ఇన్నింగ్స్‌తో సరిపెడతారు. ఆ తర్వాత బరిలోకి దిగే కొత్త కుర్రాళ్లలో రేపటి మేటి ఎవరో పసిగట్టడంలోనే అసలైన ఆనందం ఉంది.

చరిత్ర కూడా ఈ వసంత మ్యాచ్‌ల్లోనే మలుపు తిరిగింది. నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగ్ తలుపులు మూసి ఉన్న కాలంలో, 1946 మార్చి 17న, నల్లజాతికే చెందిన జాకీ రాబిన్సన్ ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో దిగువ స్థాయి లీగ్ జట్టు మాంట్రియల్ రాయల్స్ తరఫున మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్‌పై ఆడాడు. ఆ మైదానానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.