తెర వెనుక పుట్టి తెర మీదికి: సురభి కమలాబాయి

తెలుగులో మాటలతో వచ్చిన మొదటి సినిమా ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్ర వేసిన నటి సురభి కమలాబాయి. తొలి తెలుగు కథానాయిక అన్న గుర్తింపు ఆమెకు ఆ పాత్రతోనే దక్కింది. ఆ ఒక్క మాటతో ఆమె పరిచయాన్ని ముగించడం సరికాదు. కెమెరా ముందుకు వచ్చే నాటికే ఆమె ఎన్నో ఊళ్ల పందిళ్లలో పేరు తెచ్చుకున్న రంగస్థల నటి. సినిమా ఆమెను నటిని చేయలేదు. అప్పటికే తయారై ఉన్న నటి సినిమాకు దొరికింది.

కమలాబాయి 1907లో సురభి నాటక కుటుంబంలో పుట్టారు. ఆమె పుట్టుక గురించి సురభి వారు తరతరాలుగా ఒక కథనం చెప్పుకుంటారు. నిండు గర్భిణి అయిన తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగం మీదే నొప్పులు మొదలయ్యాయట. చూసేవాళ్లు అదీ నటనే అనుకున్నారట. తెర దించాక బిడ్డ పుట్టిందని తెలిసి కానుకలు చదివించారట. ఇందులో వివరాల మాట ఎలా ఉన్నా, ఆ కుటుంబాల్లో కాన్పుకూ నాటకానికీ మధ్య దూరం ఎంత తక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. నాటకం ఆడే పందిరి వెనుకే వాళ్ల కాపురాలు. వంట, పిల్లల పెంపకం, పద్యాల సాధన, తెరలకు రంగులు వేయడం, అన్నీ అక్కడే సాగేవి.

ఈ నాటక సమాజం పుట్టింది రాయలసీమలోనే. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస ఇంటిపేరు గల కుటుంబాల వారు ‘కీచకవధ’ ఆడారు. ఊరి పేరే సమాజానికి పేరైంది. ఆ తర్వాత ఈ వంశంలో పుట్టిన ప్రతివారికీ అదే ఇంటిపేరులా స్థిరపడిపోయింది. మహారాష్ట్ర నుంచి వలస వచ్చిన ఆ కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాట మీద బతికేవి. బొమ్మలాటలో తెర వెనుక ఆడవాళ్లూ కూర్చుంటారు. సీతకో ద్రౌపదికో గొంతు ఇచ్చి పాడేది వాళ్లే. బొమ్మలు పక్కన పెట్టి మనుషులే వేషాలు కట్టినప్పుడు, ఆ స్త్రీలు తెర వెనుక నుంచి ముందుకు రావడం సహజంగానే జరిగిపోయింది.

ఇది ఎంత పెద్ద మార్పో గ్రహించాలంటే ఆనాటి మిగతా రంగస్థలాన్ని చూడాలి. పద్య నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లవే. స్థానం నరసింహారావు సత్యభామగా తెలుగు దేశమంతటా కీర్తి పొందారు. తర్వాత సినిమాల్లో త్యాగయ్యగా, వేమనగా నిలిచిపోయిన చిత్తూరు నాగయ్య కూడా చిత్తూరులో రామవిలాస సభ నాటకాల్లో ‘సారంగధర’లోని చిత్రాంగి వేషంతోనే పేరు తెచ్చుకున్నారు. సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతం నుంచి చిత్తూరు దాకా ద్రౌపదమ్మ తిరునాళ్లు, పగటి పూట హరికథ, రాత్రి పూట భారత నాటకం జనానికి బాగా తెలిసినవే. ఆ వీధి నాటకాల్లోనూ ద్రౌపది వేషం కట్టే సంప్రదాయం మగవాళ్లదే. బయటి స్త్రీ రంగం ఎక్కితే లోకం వేలెత్తి చూపే రోజులవి. సురభిలో తండ్రి, అన్న, భర్త, బిడ్డ అందరూ ఒకే నాటకంలో ఉండేవారు కాబట్టి ఆ కుటుంబమే నటికి అండగా నిలిచింది.

కమలాబాయి బాలకృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా చిన్ననాడే రంగమెక్కారు. పెరిగే కొద్దీ కథానాయిక వేషాలు వచ్చాయి. సురభి నటికి వేషం ఒక్కటే వస్తే చాలదు. మైకు లేని పందిరిలో చివరి వరుస దాకా వినబడేలా పద్యం ఎత్తుకోవాలి. హార్మోనియం శ్రుతి తప్పకూడదు. ఒకరు జబ్బుపడితే ఆ పూట వారి పాత్ర తాను అందుకోవాలి. నేటి నటన శిక్షణాలయాలు కొన్నేళ్లు కష్టపడి నేర్పించేదాన్ని ఆ పందిళ్లు పాలు తాగే వయసు నుంచే నేర్పాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

సినిమాకు మాట వచ్చినప్పుడు ఈ విద్యకే గిరాకీ ఏర్పడింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం దానికి ఆధారం. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సింధూరి కృష్ణారావు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. 1932 ఫిబ్రవరిలో బొంబాయిలో విడుదలైంది. నేపథ్యగానం అప్పటికి లేదు. నటించేవారే కెమెరా ముందు పాడాలి, అదే సమయంలో ధ్వని కూడా నమోదు కావాలి. వాద్యకారులు చిత్రంలో పడకుండా పక్కన కూర్చుని వాయించాలి. తప్పు జరిగితే ముక్కను అతికించి సరిదిద్దే వీలు అంతంతమాత్రం. పాట, మాట, అభినయం ఒకే ఊపిరిలో నడపగలవారు ఆ రోజుల్లో నాటకాల వాళ్లే. అందుకే తొలి టాకీలు నాటకాల నుంచి కథలతో పాటు మనుషులనూ తెచ్చుకున్నాయి.

అదే ఏడాది సాగర్ సంస్థ తీసిన ‘పాదుకా పట్టాభిషేకం’లో ఆమె సీత. అద్దంకి శ్రీరామమూర్తి రాముడు. ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడు కాగా ఆమె శకుంతల. తరువాత ఆమె కొన్నేళ్లు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించారు. తెలుగు పద్యం మీద పెరిగిన నటి మరో భాషలో సంభాషణ చెప్పి మెప్పించడం చిన్న విషయం కాదు. దానికి దక్కవలసిన గుర్తింపు తెలుగువారి నుంచి దక్కలేదు. 1938లో విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ తీసిన ‘భక్త జయదేవ’లో ఆమె మళ్లీ తెలుగు తెర మీద కనిపించారు.

నేపథ్యగానం స్థిరపడ్డాక పాడగలగడం నటికి తప్పనిసరి అర్హత కాకుండా పోయింది. కొత్త తరం కథానాయికలు వచ్చారు. కమలాబాయి తల్లి పాత్రలకు మళ్లారు. వాటిలో జనం మరిచిపోనిది 1951 నాటి ‘పాతాళ భైరవి’లో తోటరాముడి తల్లి. కె.వి. రెడ్డి దర్శకత్వం, ఎన్.టి. రామారావు తోటరాముడు, ఎస్.వి. రంగారావు నేపాళ మాంత్రికుడు. దాన్ని నిర్మించిన విజయా సంస్థకు చెందిన నాగిరెడ్డిది కడప జిల్లా పొట్టిపాడు, కె.వి. రెడ్డిది తాడిపత్రి. సీమలో పుట్టిన నాటక సంప్రదాయమూ సీమ సినిమావాళ్లూ ఒకే చిత్రంలో కలిశారన్నమాట. మాంత్రికుడి మాయల నడుమ ఆ తల్లి భయం, బెంగ, కొడుకు మీద ప్రేమ ఎక్కడా అతి కాకుండా పండాయి. గొంతెత్తి పద్యం పాడే రంగస్థలంలో పెరిగిన మనిషి, దగ్గరి నుంచి చూసే కెమెరాకు తగినట్టు తన అభినయాన్ని తగ్గించుకోగలిగారు. నటిగా ఆమె పరిణతికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1971 మార్చిలో కమలాబాయి కన్నుమూశారు. ఆ తర్వాత కొన్నేళ్లకు, 1977లో, హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. టీవీ ధారావాహికలు వచ్చాక సురభి కుటుంబాల వారు కొందరు ఆ తెర మీదికీ వెళ్లారు. సురభి నాటక సమాజాల సంఖ్య బాగా తగ్గినా నాటకం మాత్రం ఆగలేదు. ‘మాయాబజార్’, ‘పాతాళ భైరవి’ నేటికీ సురభి వారు ఆడుతున్నారు. సురభి బాబ్జీగా పేరుపడ్డ రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ లభించింది.